టోల్ రోడ్డు గుంతలో పడి డిస్కు పగిలింది, ఎవర్ని అడగాలి?

మైపాడు_అల · నవంబర్ 14, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మొన్న 12వ తేదీ రాత్రి ఒంగోల్లో పెళ్లి చూసుకొని నెల్లూరు తిరిగొస్తుండాం. నేను, మా ఆవిడ, వెనక సీట్లో నిద్రపోతా మా అమ్మ. సన్న చినుకులు. టోల్ కట్టి పది నిమిషాలు కూడా కాలా. లారీని దాటతా కుడివైపు వరసలో ఉండా, ముందు ఎడమ చక్రం ధన్‌మని పడింది. రోడ్డంతా నీళ్లు మెరుస్తుంటే అందులో గుంత ఉందని ఎట్ట తెలుస్తుంది? మా అమ్మ ఉలిక్కిపడి లేచి "ఏందిరా, దేన్ని గుద్దావు?" అంది.

పక్కకి తీసి టార్చి కొట్టి చూస్తే టైరు నేలకి అతుక్కుపోయింది. డిస్కు, అదే టైరు బిగించే అల్లాయ్ చక్రం, దాని లోపలి అంచు అప్పడం ముక్క తుంచినట్టు ఊడింది. స్టెప్నీ వేద్దామా అంటే చక్రమే లోపలికి తిరిగిపోయుండాది, దాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్ వంగింది. లాక్కెళ్లే బండి వచ్చేసరికి రాత్రి ఒంటిగంట.

బిల్లు ఇదీ: డిస్కు 13,200, టైరు 8,100, లోయర్ ఆర్మ్ 3,450, అలైన్‌మెంటు బ్యాలెన్సింగు 950, కూలి 1,200, బండి లాగినందుకు 3,500. మొత్తం 30,400. కారు 2022 జూన్‌ది.

టోల్ తీసుకున్నోళ్లని ఈ డబ్బు అడగొచ్చా? అడిగితే ఇస్తారా? ఆ రాత్రే తీసిన ఫోటోలు నాలుగు కింద పెట్టుండా.

చర్చా_నిర్వాహకుడు · 9:52

మైపాడు గారూ, మీరు నోటీసు ఇచ్చే ఆలోచనలో ఉంటే కిలోమీటరు నంబరు, కంపెనీ పేరు ఇక్కడ రాయొద్దు. మిగతావాళ్లు కూడా పేర్లు ఊహించి రాయకండి, తీసేయాల్సి వస్తుంది.

చీమకుర్తి_లారీ · 10:05

గుంతలన్నీ మా గ్రానైట్ లారీల వల్లే అని ఇప్పుడెవరో ఒకరు మొదలుపెడతారు. ముందే చెప్తన్నా, మా టైర్లు గూడా అందులోనే పోతన్నాయి.

స్టెప్నీ_శీను · 10:20

అన్నా, నాకు ఒంగోల్లో టైర్ల షాపు. వాన మొదలైతే రోజుకి ఇద్దరైనా ఇట్టాంటి డిస్కులు మోసుకొస్తారు. ఫోటో చూశా. అంచు వంగడం కాదు, చిట్లింది. వంగితే కొట్టి సరిచేస్తారు, చిట్లినదాన్ని వెల్డింగ్ పెట్టి వేసుకోవద్దు. అల్లాయ్ పాత ఇనప రిమ్ము లాంటిది కాదు, హైవే మీద మళ్లీ చీలితే మనిషే పోతాడు.

ఇంకోటి. మిగిలిన మూడు టైర్లూ, ముఖ్యంగా అదే వైపు వెనక టైరు, పక్క గోడ మీద చెయ్యి పెట్టి నిదానంగా తడిమి చూడు. ముందు చక్రం పడిన గుంటలోనే వెనకది గూడా పడుంటది. లోపల దారాలు తెగితే నాలుగైదు రోజులకి కోడిగుడ్డంత బుడిపె లేస్తది. ఆ టైరుతో హైవే ఎక్కబాకు.

అన్నిటికన్నా ముఖ్యం, పాత డిస్కు, పాత టైరు షాపోడికి వదిలేయబాకు. తుక్కు కింద మూడు నాలుగొందలు వస్తాయని మనోళ్లు ఇచ్చేస్తారు. నీ కేసు ఆ తుక్కులోనే ఉంది. టైరు మీద చివర నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. దాన్ని ఫోటో తీసుకో. "టైరు ముసలిదయి పేలింది" అని అటువాళ్లు అంటే చూపించాలిగా.

మైపాడు_అల · 10:31

వెనక టైరుకి నిజంగానే చిన్న బుడిపె ఉంది శీనన్నా!! ఇప్పుడే సెల్ లైటు వేసి చూసొచ్చినా. దీనికి ఇంకో ఎనిమిది వేలా?

స్టెప్నీ_శీను · 10:33

అవును. రేపు షాపు తెరవంగానే పోయి, అది గూడా బిల్లు మీద ఎక్కించు. "గుంటలో దెబ్బకి పక్కగోడ ఉబ్బింది" అని షాపోడి చేత రాయించు. అంతేగానీ వట్టి "టైరు 1" అని రాయించుకోబాకు.

పాలసీ_పద్మ · నవంబర్ 15, ఉదయం 7:15

నేను ఇన్సూరెన్స్ ఏజెంటుని, కందుకూరు. ముందు పాలసీ సంగతి చూడండి. సమగ్ర పాలసీ ఉంటే గుంతలో పడటం ప్రమాదం కిందికే వస్తుంది. అయితే టైరు ఒక్కటే పోతే మామూలు పాలసీలో పైసా రాదు. బండికి ఇంకేదైనా కూడా అదే దెబ్బలో దెబ్బతింటే టైరు ధరలో సగం ఇస్తారు. మీకు లోయర్ ఆర్మ్ వంగింది గనక టైరు కూడా లెక్కలోకి వస్తుంది.

జీరో డిప్రిసియేషన్, అంటే భాగాల పాతదనానికి కోత పెట్టని అదనపు కవరు, లేదనుకొని మీ మొదటి బిల్లుకి లెక్క వేశాను. మూడేళ్లు దాటి నాలుగేళ్లలోపు కారు, లోహపు భాగాలకి 25 శాతం తరుగు. డిస్కు మీద 9,900. ఆర్మ్ మీద 2,587. టైరు మీద 4,050. కూలి, అలైన్‌మెంటు కలిపి 2,150. లాగిన ఖర్చు ఎంతైనా 1,500 దాకానే. కలిపితే 20,187. మీది 1500 సీసీ లోపు అనుకుంటా, తప్పనిసరిగా మీరు భరించాల్సిన 1,000 తీసేస్తే 19,187.

బాగానే ఉంది కదా అనుకుంటారు. ఇప్పుడు రెండోవైపు చూడండి. ఇప్పటిదాకా క్లెయిం లేకపోతే వచ్చే జూన్‌లో మీకు 45 శాతం బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు. ఇప్పుడు క్లెయిం చేస్తే అది సున్నా. ఆ మర్నాటేడు 50 బదులు 20, తర్వాత 25, 35, 45. సొంత నష్టం ప్రీమియం ఏడాదికి 9,000 అనుకుంటే ఐదేళ్లలో మీ చేతి నుంచి పోయేది 4,050, 2,700, 2,250, 1,350, 450. అంటే 10,800. ఇక మిగిలింది 8,387. దీనికోసం క్లెయిం చెయ్యాలా వద్దా మీ ఇష్టం. బోనస్ రక్షణ అనే అదనపు కవరు తీసుకొని ఉంటే మాత్రం ఆలోచించకుండా చెయ్యండి.

మైపాడు_అల · 7:48

1197 సీసీ. ఆ కవరూ లేదు, జీరో డిప్పూ లేదు. పోయినేడు రెండువేలు మిగలబెట్టానని సంబరపడినా.

పాత_అంబాసిడర్ · 8:30

నేను రోడ్ల పనిలోనే రిటైరయినవాణ్ణి. మీ మూడో ఫోటో చాలాసేపు చూశాను. అందులో మీకు కనపడనిది నాకు కనపడుతోంది.

తారు రోడ్డుకి శత్రువు నీళ్లు. పైపొరలో వెంట్రుకవాసి పగులుంటే చాలు, నీళ్లు దిగుతాయి. లారీ చక్రం ఎక్కిన ప్రతిసారీ ఆ నీళ్లు పంపు కొట్టినట్టు పైకి చిమ్ముతాయి, కంకర మధ్య ఉండే సన్నపొడిని కూడా తీసుకొచ్చేస్తాయి. రోడ్డు పక్కన పగుళ్ల చుట్టూ తెల్లగా, బూడిద చల్లినట్టు మరక ఎప్పుడైనా చూశారా? అది లోపలి పొడి. అది కనపడిందంటే అక్కడ గుంత పడబోతోందని రోడ్డే ముందుగా చెబుతున్నట్టు. రోజూ తిరిగి చూసే మనిషికి అది తెలియదంటే నేను నమ్మను.

ఇప్పుడు మీ ఫోటో. కొత్తగా పడిన గుంతకి అంచులు పదునుగా, కోసినట్టు నల్లగా ఉంటాయి. మీ గుంత అంచులు గుండ్రంగా అరిగాయి, లోపల బురద పేరుకుంది. ఎడమ మూల చూడండి, ఒక పాత అతుకు సగం ఊడి ఉంది. అంటే ఒకసారి పూడ్చారు, సరిగ్గా పూడ్చలేదు, మళ్లీ లేచింది. ఇది రాత్రికి రాత్రి పడిన గుంత కాదు. మీ వాదనకి ఇదే వెన్నెముక.

లోతు కొలిచారా?

మైపాడు_అల · 8:41

కొలవలా సార్. లీటరు నీళ్ల సీసా అందులో నిలబెట్టి ఫోటో తీసినా. నాలుగోది. సీసా నడుం దాకా మునిగింది.

పాత_అంబాసిడర్ · 8:44

టేపు కన్నా అదే మేలు. ఆ సీసా దాచండి.

దర్గామిట్ట_నల్లకోటు · 10:10

నేను నెల్లూరు కోర్టులోనే. వరసగా చెప్తా.

రోడ్డు ఎవరిదో తేల్చుకోండి ముందు. జాతీయ రహదారా, ఆర్ అండ్ బీ వాళ్లదా, కార్పొరేషన్‌దా, పంచాయతీరాజ్‌దా. మనోళ్ల అర్జీలు సగం తప్పు ఆఫీసుకి పోయి అక్కడే పడుంటాయి. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ కొట్టి ఫిర్యాదు నంబరు తీసుకోండి. టోల్ గేటు దగ్గర బోర్డు మీద ఆ భాగాన్ని చూసే కాంట్రాక్టు సంస్థ పేరు, అధికారి పేరు రాసి ఉంటుంది, దాన్ని ఫోటో తీయండి. ఫాస్టాగ్ స్టేట్‌మెంటు దింపుకోండి. మీరు ఏ గేటు ఎన్ని గంటలకి దాటారో అందులో ఉంటుంది. మీరు డబ్బు కట్టారన్నదానికీ, ఆ రాత్రి అక్కడే ఉన్నారన్నదానికీ అదే సాక్ష్యం.

టోల్ కట్టావంటే డబ్బిచ్చి సేవ కొన్నట్టు, నువ్వు వినియోగదారుడివి అన్నది మన వాదన. ఈ వాదనని ఒప్పుకున్న వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరుండే ఊరి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, గుంత పక్క జిల్లాలో ఉన్నా ఫరవాలేదు. ఇంత చిన్న వ్యవహారానికి ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. అధికార సంస్థనీ కాంట్రాక్టరునీ ఇద్దర్నీ చేర్చాలి, లేకపోతే ఒకరిమీద ఒకరు తోసుకుంటారు. అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబు వేయాలి, మహా అయితే ఇంకో 15 రోజులు. ఆ పైన ఒక్కరోజు కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

టోల్ లేని రోడ్డయితే కథ వేరు. అక్కడ నువ్వు పన్ను కట్టేవాడివే గానీ కొనుగోలుదారుడివి కాదంటారు. సివిల్ దావా వేయాలి, అంతకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద ప్రభుత్వానికి రెండు నెలల నోటీసు. ముప్పైవేలకి అంత ఓపిక నాకైతే ఉండదు.

కొండాయపాలెం_గేటు · 10:26

లాయరన్నా, మోటారు వాహనాల చట్టంలో రోడ్డు బాగాలేకపోతే కాంట్రాక్టర్‌కి లక్ష జరిమానా అని వాట్సాప్‌లో తిరుగుతుండాదే?

దర్గామిట్ట_నల్లకోటు · 10:35

198-ఏ సెక్షన్. 2019 సవరణలో వచ్చింది నిజమే. కానీ అది మనిషి చనిపోతేనో అంగవైకల్యం వస్తేనో. డిస్కు పగిలితే కాదు. అట్టాగే 2025 అక్టోబర్‌లో బొంబాయి హైకోర్టు గుంతల వల్ల చనిపోతే 6 లక్షలు, గాయపడితే 50 వేల నుంచి రెండున్నర లక్షలు ఇవ్వాలంది. అది మహారాష్ట్ర మాట, మనుషుల మాట. మనకి కాస్త పనికొచ్చేది కేరళది. త్రిశ్శూరు దగ్గర పాలియెక్కర గేటులో రోడ్డు అధ్వాన్నంగా ఉందని 2025 ఆగస్టులో హైకోర్టు టోల్ ఆపేసింది, సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. రోడ్డు బాగుంటేనే డబ్బు అన్న సూత్రం అందులో ఉంది.

బుచ్చి_టు_బర్మింగ్‌హామ్ · మధ్యాహ్నం 2:50

మాది బుచ్చిరెడ్డిపాళెం, పదేళ్లుగా ఇక్కడ ఇంగ్లండులో. పోయిన చలికాలం నా కారుకీ ఇదే జరిగింది. ఇక్కడ కౌన్సిల్ వెబ్‌సైటులోనే నష్టపరిహారం ఫారం ఉంటుంది. ఇంత మర్యాదగా అడుగుతున్నారే, ఇచ్చేస్తారు కాబోలు అనుకున్నా. ఆరు వారాల తర్వాత రెండు పేజీల ఉత్తరం: "ఆ రోడ్డుని నెలకోసారి తనిఖీ చేస్తున్నాం, మీరు పడకముందు ఎవరూ ఫిర్యాదు చేయలేదు, కాబట్టి మా తప్పు లేదు." 1980 నాటి రహదారుల చట్టం 58వ సెక్షన్ వాళ్లకి ఆ కవచం ఇచ్చింది. దాన్ని పగలగొట్టడానికి ఒక్కటే దారి. నీకంటే ముందు ఎవరైనా ఆ గుంత గురించి చెప్పారని చూపించాలి. నేను వాళ్ల రికార్డులే అడిగి తెప్పించా, తొమ్మిది రోజుల ముందు ఒకావిడ ఫిర్యాదు చేసుంది. అప్పుడిచ్చారు. అదీ టైరు అరుగుదల కోసుకొని.

అక్కడ చట్టం వేరనుకోండి. కానీ వాళ్లకి ముందే తెలుసా అన్న ప్రశ్న ఎక్కడైనా వస్తుంది. మీకు ఆర్టీఐ ఉందిగా. పది రూపాయలు, ముప్పై రోజులు. ఆ కిలోమీటరులో అంతకు ముందు నెల తనిఖీ రిజిస్టరు నకలు అడగండి. గుంతని ఎన్ని గంటల్లో పూడ్చాలో కాంట్రాక్టు ఒప్పందంలో ఉంటుంది, ఆ పేజీ కూడా.

పాత_అంబాసిడర్ · 3:15

చక్కగా చెప్పారు. ఒప్పందం పేజీ అడగటం మాత్రం మరవద్దు.

కావలి_కుర్రోడు · నవంబర్ 16, రాత్రి 11:58

అన్నా ఇప్పుడే ఈ చర్చ చూశా. నాలుగో ఫోటోలో వెనక కనపడే కల్వర్టు గోడ, దాని మీద సున్నంతో రాసిన ప్రకటన... ఇది నా గుంతే! నేను 6వ తేదీన పడ్డా. నాకు డిస్కు పోలేదు, టైరు ఒక్కటే. కోపమొచ్చి వెనక్కి తిప్పుకొని పోయి టోల్ గేటు కాడ ఫిర్యాదుల పుస్తకం అడిగా. లేదన్నారు. బోర్డు మీద ఉందని రాశారు గదా అని నిలబడితే ఇరవై నిమిషాలకి సొరుగులోనుంచి తీశారు. రాసి, ఆ పేజీ ఫోటో తీసుకున్నా. నా పై వరసలో ఎవరో మరుగుదొడ్డి తలుపుకి గొళ్లెం లేదని రాసుండారు. నా వరసలో కిలోమీటరు రాయి నంబరు, తేదీ, టైము అన్నీ ఉండాయి. కావాలా?

మైపాడు_అల · నవంబర్ 17, ఉదయం 5:50

కావాలా అని అడుగుతావేంది తమ్ముడూ! ప్రైవేటు మెసేజ్ పెట్టినా, చూడు.

దర్గామిట్ట_నల్లకోటు · 9:20

ఆ పేజీ ఉంటే ఆరు రోజుల ముందే వాళ్లకి తెలుసు. కావలి అబ్బాయి చేత చిన్న అఫిడవిట్ తీసుకోండి. ఇక వట్టి అర్జీ కాదు, స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఎంత కావాలో స్పష్టంగా అంకె రాయండి. మనోవేదనకి ఐదు లక్షలని మాత్రం రాయబాకండి, చదివేవాళ్లు నవ్వుకుంటారు.

పాలసీ_పద్మ · 9:34

ఇన్సూరెన్స్ క్లెయిం చేస్తే మాత్రం ఆ డబ్బు మళ్లీ వీళ్ల దగ్గర అడగకూడదు. వాళ్లిచ్చింది పోను మిగిలిందే. ఒకే నష్టానికి రెండు చోట్ల తీసుకుంటే తర్వాత ఇబ్బంది.

మైపాడు_అల · డిసెంబర్ 19, రాత్రి 8:10

జవాబొచ్చింది. ఉన్నదున్నట్టు సారాంశం: ఒకటి, సదరు తేదీన సదరు స్థలంలో ఎటువంటి గుంతా లేదు. రెండు, ఈశాన్య రుతుపవనాల భారీ వర్షాల వల్ల రోడ్డు దెబ్బతినడం దైవాధీనం. మూడు, మీరు అతివేగంగా నడిపారు.

నోటీసు అందిన మూడోనాడు గుంత పూడ్చారు. కావలి తమ్ముడు పోయి ఫోటో తీసి పంపాడు. చుట్టూ నల్లగా తారు, మధ్యలో ఎవరో చెప్పు గుర్తు.

పాత_అంబాసిడర్ · 8:25

లేని గుంతని వానలు ఎలా పాడుచేశాయో ఆ సంతకం పెట్టినాయన్ని అడగాలి. వాన నెల్లూరికి కొత్తా? మనకి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఏటా కురిసేదే. 2023లో మిచాంగ్ లాంటి తుపాను వచ్చి రోడ్డు కొట్టుకుపోతే అది వేరు. పాత అతుకు ఊడటం దైవాధీనం కాదు. వానాకాలానికి ముందే పగుళ్లు మూయడం ఈ ఉద్యోగంలో మొదటి పాఠం.

స్టెప్నీ_శీను · 8:40

వేగం సంగతి. డెబ్భైలో పోయినా సీసా నడుమంత లోతు గుంటలో అల్లాయ్ పగులుద్ది. నా షాపు లెటర్‌హెడ్ మీద రాసిస్తా, కావాలంటే.

మైపాడు_అల · జనవరి 20

ఈరోజు కమిషన్‌లో వేశాం. ఇన్సూరెన్స్ క్లెయిం చేయలేదు, పద్మ గారి లెక్క చూశాక మనసొప్పలా. రెండో టైరుతో కలిపి 38,500, ఖర్చులకి 5,000 అడిగాం. ఆర్టీఐలో తనిఖీ రిజిస్టరు వచ్చింది. నవంబర్ 1 నుంచి 12 దాకా ఆ కిలోమీటరు ఎదురుగా ప్రతిరోజూ ఒకే చేతిరాత, ఒకే పెన్ను, ఒకే మాట: "బాగుంది".

కొండాయపాలెం_గేటు · జనవరి 20

పన్నెండు రోజులూ ఒకే కుర్చీలో కూర్చొని రాసుంటాడు.

మైపాడు_అల · మే 11, సాయంత్రం 6:30

చాలామంది అడుగుతుండారు, అందుకే రాస్తుండా. మూడో వాయిదాకి మధ్యవర్తిత్వానికి పంపారు. అవతలి లాయరు మొదట పదివేలన్నాడు. మావాళ్లు ఫిర్యాదుల పుస్తకం పేజీ, ఆ "బాగుంది" రిజిస్టరు పక్కపక్కన పెట్టారు. ఆయన రెండు నిమిషాలు మాట్లాడలా. టైర్లు మూడేళ్లు తిరిగినవి గనక సగం, మిగతావి పూర్తిగా అని లెక్క మొదలయి చివరికి 28,000 దగ్గర ఆగింది. తప్పు ఒప్పుకోకుండా ఇస్తున్నట్టు రాసుకున్నారు. చెక్కు మొన్న పాసయింది. నోటీసు, అఫిడవిట్లు, తిరుగుళ్లు కలిపి నాకు 4,000 దాకా అయింది. దర్గామిట్ట అన్న ఫీజు తీసుకోలా, ఇక్కడ రాయొద్దన్నాడు, అయినా రాస్తుండా.

కావలి తమ్ముడి టైరు డబ్బు కూడా అందులోనుంచే ఇచ్చినా. వద్దన్నాడు, జేబులో పెట్టినా.

పగిలిన డిస్కు మిద్దె మీద ఉంది. మా అమ్మ అందులో కాకులకి నీళ్లు పోస్తుంది, చిట్లిన వైపు నుంచి కారిపోతున్నా.

ఉలవపాడు_మామిడి · మే 12, ఉదయం 7:05

అన్నా అభినందనలు. నేను నిన్న బైకు మీద ఇట్టాంటి గుంతలోనే పడ్డా, టోల్ రోడ్డే. నేను కూడా ఇట్టనే వేయొచ్చా?

దర్గామిట్ట_నల్లకోటు · 7:40

చెయ్యీ కాలూ బాగున్నాయా ముందు? దెబ్బలు తగిలుంటే ఆసుపత్రి చీటీ తీసుకో, అది వేరే దారి. బండి వరకే అయితే కష్టం తమ్ముడూ. బైకులకి జాతీయ రహదారి మీద టోల్ లేదు. డబ్బు కట్టలేదు గనక నువ్వు వినియోగదారుడివి కావంటారు.

ఉలవపాడు_మామిడి · 7:43

చెయ్యి బాగానే ఉందన్నా, ఫోర్కు వంకరపోయింది. అంటే మేము ఊరికే పడ్డట్టేనా?